మళ్ళీ చూడని మిషన్

పోయిన వారం పిచ్చుకని టెస్టింగ్ గదిలో ఒంటరిగా వదిలేశాం. కత్తి బదులు చెక్కపట్టీ బిగించిన కటింగ్ మిషన్ మీద ఆమె రెండు బటన్లూ నొక్కింది. పట్టీ దిగుతుండగా ఎడమ బటన్ వదిలింది. పట్టీ ఆగాలి. ఆగలేదు. కింద దాకా వెళ్ళి కాగితాల దొంతరని తాకింది. మళ్ళీ నొక్కి, మళ్ళీ వదిలింది. మళ్ళీ ఆగలేదు. ఆ సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళి, "నువ్వు చెప్పింది నిజం మామయ్యా. రేపు అందరి ముందూ చూపిస్తాను" అని మాటిచ్చింది.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మామయ్య ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మేస్త్రి. పంతొమ్మిదేళ్ళు కాగితం కోశాడు. నలభై రెండు రోజుల క్రితం కత్తి ఆయన ఎడమ చేతి వేళ్ళు రెండు తీసుకుంది. ఆ మిషన్ రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కదులుతుంది. ఏ ఒక్కటి వదిలినా కత్తి ఉన్నచోటే ఆగుతుందని దాని పుస్తకంలో ఉంది. మామయ్య ఎడమ బటన్ వదిలాకే చెయ్యి పెట్టానంటాడు. వదిలితే కత్తి ఆగాలి కాబట్టి, ఆయన బటన్‌ని రబ్బరు బ్యాండుతో కట్టేసి పని చేశాడని ప్రెస్సు అంటోంది. అదే తేలితే ఆయన పని పోతుంది. రికార్డులో ఆయన పేరు పక్కన 'సొంత తప్పు' అని పడుతుంది. ఆ మాట పడ్డ మనిషిని ఇంకే ప్రెస్సూ మిషన్ దగ్గరికి రానివ్వదు.

ఆ మిషన్‌ని నడిపించే బోర్డు తయారుచేసేది పిచ్చుక పనిచేసే కంపెనీ. అసలు మిషన్ సీలు వేసి ప్రెస్సులోనే ఉంది, టెస్టింగ్ గదిలోది అలాంటిదే ఇంకోటి. దెబ్బ తగిలింది తన మేనమామకని ఆమె కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే మిషన్‌ని ముట్టుకోనివ్వరు.

*

మర్నాడు విచారణాధికారి పదింటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే ఒక విషయం అడిగాడు.

"మిషన్ బటన్లని చూసిన ప్రతిసారీ ఒక లైను అచ్చయ్యేలా పెట్టగలరా? నొక్కి ఉందా, వదిలి ఉందా, టైమెంత. కళ్ళతో చూశానని రిపోర్టులో రాస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు. నాకు కాగితం కావాలి."

"ఒక్క లైను పనే సార్" అంది పిచ్చుక.

ప్రోగ్రాంలో బటన్లని చూసే చోట ఒక లైను చేర్చింది. కంపైల్ చేసి మిషన్ మాటల్లోకి దించింది. బోర్డులోకి ఎక్కించింది. పావుగంట పట్టింది. ఆ లైను చేర్చింది తన చేత్తోనే అన్న సంగతి ఆ రోజంతా ఆమె మర్చిపోలేదు.

ఫోన్లు గది బయట ట్రేలో పెట్టించారు. లోపల ఆరుగురు. విచారణాధికారి, కంపెనీ మేనేజరు, ప్రెస్సు సూపర్‌వైజరు, మామయ్య, పిచ్చుక. గోడ పక్క స్టూలు మీద పెద్దాయన. పదకొండేళ్ళ క్రితం ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే. పిచ్చుకకి ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది కూడా ఆయనే.

"ఎడమ బటన్ దగ్గర రబ్బరు బ్యాండు దొరికింది సార్" అన్నాడు సూపర్‌వైజరు, అడగకుండానే.

"ప్రెస్సులో రబ్బరు బ్యాండు దొరక్కపోతే పోలీసులకి చెప్పాలి గానీ, దొరికితే ఏముంది?" అన్నాడు మామయ్య. "నీ చొక్కా జేబులో ఎన్నున్నాయో తీసి చూపించు."

సూపర్‌వైజరు జేబు తడుముకున్నాడు. మూడు బయటికొచ్చాయి. విచారణాధికారి నవ్వలేదు గానీ పెన్ను కింద పెట్టాడు. మామయ్య పిచ్చుక వైపు చూసి కళ్ళతోనే 'కానియ్' అన్నాడు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో కప్పుకుని ఉన్నాడు.

బటన్లు నొక్కింది సూపర్‌వైజరు. క్లాంపు దిగి దొంతరని అదిమింది. వెనకే చెక్కపట్టీ కదిలింది. "వదలండి" అన్నాడు విచారణాధికారి. సూపర్‌వైజరు ఎడమ చెయ్యి ఎత్తాడు.

పట్టీ ఆగింది. దొంతరకి నాలుగు అంగుళాల పైన.

"ఇంకోసారి."

ఆగింది.

"ఇంకోసారి."

ఆగింది. ప్రింటరులోంచి కాగితం జానెడు జానెడు బయటికొచ్చింది. నొక్కి ఉంది, నొక్కి ఉంది, నొక్కి ఉంది, వదిలి ఉంది, ఆపు. మూడుసార్లూ అదే. విచారణాధికారి కాగితం చింపి మడిచాడు.

పిచ్చుక మిషన్ వైపు చూస్తూ నిలబడింది. నిన్న ఇదే గది, ఇదే పట్టీ, ఇదే బోర్డు. మారింది ఒక్క లైను. ఆ లైను కూడా చేసే పనేమీ లేదు, చూసింది చూసినట్టు రాయటం తప్ప.

అప్పుడు మామయ్య నోరు తెరిచాడు.

"అదేంటే పిచ్చుకా, నిన్న ఆగలేదన్నావుగా?"

విచారణాధికారి ముందు మామయ్యని, తర్వాత పిచ్చుకని చూశాడు.

"మీకీయన తెలుసా?"

"మా మామయ్య" అంది. "అమ్మకి తమ్ముడు."

"ఈ మాట మీరు ముందే చెప్పి ఉండాలి."

"చెప్పాలి సార్."

"నిన్నటి టెస్టు సంగతి ఆయనకెలా తెలిసింది?"

"నేనే చెప్పాను. నిన్న ఆగలేదు సార్. నేను చూశాను."

"ఎవరి ముందు?"

మేనేజరు కుర్చీ ముందుకి జరిపాడు. "చూడండి మేడమ్, ఇప్పుడు మీరేం మాట్లాడినా అది మనకే తగులుతుంది. కూర్చోండి."

"ఆ లైను తీసేసి ఇంకొక్కసారి చేద్దాం సార్. నేను ముట్టుకోను. ఎవరి చేత్తోనైనా తీయించండి. ఆ లైను లేకుండా ఒక్కసారి."

"రాసే లైను తీసేస్తే నాకు ఆధారమేది?" అన్నాడు విచారణాధికారి. గొంతులో కోపం లేదు. పెద్దాయన వైపు తిరిగాడు. "ప్రోగ్రాం మీది కదండీ. ఒక లైను రాయటం వల్ల మిషన్ నడిచే తీరు మారుతుందా?"

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు.

"నేను రాసిన ప్రోగ్రాం ప్రకారం అయితే, మారదండీ."

విచారణాధికారి 'మారదు' అని రాసుకున్నాడు. పెద్దాయన చేత, మేనేజరు చేత సంతకాలు పెట్టించాడు.

"మరి మా మిషన్ సీలు తీసుకోవచ్చా సార్?" అన్నాడు సూపర్‌వైజరు. "ఆర్ట్ పేపరు ఆర్డరు నలభై రోజులుగా ఆగిపోయింది."

విచారణాధికారి సంచిలోంచి ఇంకో కాగితం తీసి దాని మీద కూడా సంతకం పెట్టాడు. పిచ్చుక ఆ సంతకం చూసింది. చూసింది గానీ, అదేమిటో ఆలోచించే స్థితిలో లేదు. మేనేజరు ఆమె ముందు చెయ్యి చాపి ఉన్నాడు. ఆమె మెడలోంచి కార్డు తీసి ఆ చేతిలో పెట్టింది.

*

మామయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పిచ్చుక వచ్చి ఒక మెట్టు కింద కూర్చుంది.

"నా నోటికి తాళం వెయ్యాలే" అన్నాడు. "మీ అమ్మ చిన్నప్పుడే అనేది, వీడి నోట్లో నువ్వుగింజ కూడా నానదని."

"నువ్వనకపోయినా అంతే మామయ్యా. మూడుసార్లు ఆగాక ఇంకేముంది?"

"ఆగిందిగా మరి."

"ఆగింది."

మామయ్య కట్టు వైపు చూసుకున్నాడు. "ఒక సంగతి అడుగుతాను, అబద్ధం చెప్పకు. నేను నిజంగా వదిలానంటావా?"

"అదేంటి మామయ్యా!"

"నలభై రోజులుగా వదిలానని చెబుతున్నాను. పడుకున్నప్పుడు కూడా వదులుతున్నట్టే ఉంటుంది. ఇవాళ అది మూడుసార్లు ఆగేసరికి, ఏమో, నా చెయ్యే నాకు అబద్ధం చెప్పిందేమో అనిపించింది."

"వదిలావు."

"నువ్వున్నావా అక్కడ?"

కింద వాచ్‌మన్ ఒక లారీకి గేటు తీసి, మళ్ళీ వేశాడు.

"అసలు చెయ్యి పెట్టటం దేనికి మామయ్యా? క్లాంపు పడ్డాక?"

"ఆ రోజు ఆర్ట్ పేపరు. నున్నగా ఉంటుంది. క్లాంపు పడ్డాక పై కాగితం జారింది. జారిన కాగితం వంకరగా తెగితే దొంతర మొత్తం చెత్తలోకే. కత్తి పైకి రప్పించి, క్లాంపు లేపి, సర్ది, మళ్ళీ దింపాలంటే రెండు నిమిషాలు. ఎడమ బటన్ వదిలితే కత్తి ఆగుతుంది. ఆగాక ఎడమ చేత్తో ఒక్క తట్టు తట్టి, చెయ్యి తీసి, మళ్ళీ నొక్కితే మూడు సెకన్లు." కుడి చేత్తో గాల్లో తట్టి చూపించాడు. "మా గురువు నేర్పింది కాదిది. ఆయన కాలంలో కాలితో తొక్కే మిషను. దాని మీద పదేళ్ళు చేశాను, ఒక్కనాడు చెయ్యి పెట్టలేదు. భయం. ఇదొచ్చాక వదిలితే ఆగుతుందన్నారు. ఆగింది కూడా. ఎనిమిదేళ్ళు ఆగింది. నిన్ను నమ్మించిన మిషనే నీ వేళ్ళు తింటుందని ఎవరనుకుంటారు? కంచే చేను మేసిందనుకో."

"ఎనిమిదేళ్ళా? వచ్చి తొమ్మిదేళ్ళన్నావుగా?"

"ఎనిమిది నెలల కింద మీ వాళ్ళొచ్చి బోర్డు మార్చిపోయారు. పాతది వేడెక్కుతోందని. అప్పట్నించి పనిమధ్యలో వదలాల్సిన అవసరం రాలేదు. ఆ రోజే వచ్చింది." లేచి నిలబడ్డాడు. "మీ అత్తయ్యకి కూడా అదే నేర్పాను. అప్పట్లో ప్రెస్సు బైండింగులో చేసేది, అక్కడ పని తక్కువైన రోజుల్లో నా పక్కన నిలబడేది. చెయ్యి మంచిది దానిది, నాకన్నా."

ఆయన మెట్లు దిగుతుంటే పిచ్చుక తోడు వెళ్ళబోయింది. వద్దన్నాడు. కుడి చేత్తో ఆమె తల మీద ఒకటి తట్టి వెళ్ళిపోయాడు.

పిచ్చుక అక్కడే కూర్చుని లెక్క వేసింది. ఎనిమిది నెలల క్రితం బోర్డు మార్చారు. కొత్త బోర్డులో కొత్తగా కంపైల్ చేసిన ప్రోగ్రాం ఉంటుంది. కంపెనీలో కంపైలరు మార్చి ఏడాది అయింది.

*

పెద్దాయన గది తలుపు తీసే ఉంది. బల్ల మీద క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

"రా అమ్మాయ్. తిట్టదలుచుకుంటే కూర్చుని తిట్టు."

"తిట్టటానికి రాలేదు సార్."

"అడిగినదానికి నిజమే చెప్పాను. నేను రాసినదాంట్లో తప్పు లేదు. రాత్రి మళ్ళీ చదివాను. లూపులో, తిరిగిన ప్రతి చుట్టులోనూ, బటన్లు చూడమని ఉంది. వదిలితే ఆపమని ఉంది. నీ మామయ్య అని తెలిస్తే కూడా నేను ఇంకో మాట చెప్పలేను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశానని నువ్వనుకుంటే అనుకో."

"మీరు రాసింది చదివారు సార్. అది ఏమైందో చదివారా?"

పెద్దాయన క్యారేజీ పక్కకి జరిపాడు.

మనిషి రాసిన ప్రోగ్రాం మిషన్‌కి అర్థం కాదు. దాన్ని మిషన్ మాటల్లోకి దించే పని కంపైలరుది. దించిన ఆ మాటల జాబితాని అసెంబ్లీ అంటారు. ఫలానా గడిలో, అంటే విలువ దాచే చోట, ఉన్నది తెచ్చుకో, పోల్చు, ఫలానా లైనుకి వెళ్ళు. అంతకు మించి అందులో మాటలుండవు. మిషన్ నడిచేది ఆ జాబితా ప్రకారం. కంపెనీలో ఎవరూ దాన్ని తెరిచి చూడరు. పై ప్రోగ్రాంనే నలుగురు చదివి, నలుగురూ సంతకం పెడతారు. చేరిన కొత్తలో పిచ్చుకకి ఆ జాబితా చదవటం నేర్పింది పెద్దాయనే. 'ప్రోగ్రాం నీ మాట, ఇది దానికి అర్థమైన మాట, రెండూ వేరైతే నెగ్గేది ఇదే' అన్నది కూడా ఆయనే.

"నా కార్డు తీసుకున్నారు. మీరే తియ్యాలి సార్. నిన్నటిదీ, ఇవాళ్టిదీ."

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. ప్రింటరు రెండు కాగితాలు ఇచ్చింది. ఇవాళ్టి లూపు పద్నాలుగు లైన్లు. నిన్నటిది ఐదు.

పెద్దాయన చిన్న కాగితం ముందు పెట్టుకుని చెవి వెనక పెన్సిలు తీశాడు. లైను లైనుకీ పెన్సిలు మొన ఆనించి, పైకే చదివాడు.

"ఒకటి. బటన్ల గడిలో ఉన్నది తెచ్చుకో."

"ఊఁ."

"రెండు. రెండూ నొక్కి లేకపోతే, ఐదుకి, ఆపే చోటికి వెళ్ళు. బాగానే ఉంది. మూడు. కత్తి ఎక్కడుందో తెచ్చుకో. నాలుగు. కత్తి కిందికి చేరకపోతే..." పెన్సిలు ఆగింది.

"ఎక్కడికి వెళ్ళమంటోంది సార్?"

"ఒకటికి వెళ్ళాలి."

"ఎక్కడికి వెళ్ళమంటోంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, అంకె మీద పెన్సిలు ఆనించాడు. దాని కింద గీత గీశాడు.

"మూడుకి."

"మూడుకే సార్."

"మూడు, నాలుగు. మూడు, నాలుగు. కత్తి చేరిందా, చేరలేదా. చేరిందా, చేరలేదా." ఆయన గొంతు తగ్గింది. "బటన్లని చూసింది ఒక్కసారే. కత్తి కదలకముందు. తర్వాత చూడదు."

రోజూ పొద్దున ప్రెస్సులో చేసే తనిఖీ పిచ్చుకకి గుర్తొచ్చింది. ఒక్క బటన్ నొక్కి చూస్తారు. కత్తి కదలదు. మిషన్ బాగుందని పుస్తకంలో టిక్కు పెడతారు. ఒకటో లైను, రెండో లైను. అంతవరకే ఆ తనిఖీ చేరుతుంది.

"నేను రాశాను కదమ్మాయ్" అన్నాడు పెద్దాయన. "లూపు లోపలే రాశాను. ప్రతిసారీ చూడమని."

"రాశారు సార్. అది చదివింది. బటన్ల గడిని నింపేది వేరే ముక్క. వెయ్యోవంతు సెకనుకోసారి లేచి, బటన్లని చూసి, గడి నింపి పడుకుంటుంది. ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. కంపైలరుకి తెలీదు. అది ఈ లూపునే చూసింది. ఇందులో ఎవరూ గడిని మార్చటం లేదు. మారనిదాన్ని మాటిమాటికీ తెచ్చుకోవటం దండగనుకుంది. ఒకసారి తెచ్చుకుని సరిపెట్టింది."

"కత్తి ఎక్కడుందో మాత్రం ప్రతిసారీ తెచ్చుకుంటోందిగా?"

అడిగాక ఆయనకే తెలిసింది. బీరువాలోంచి పాత ఫైలు తీశాడు. పదకొండేళ్ళ నాటి కాగితం, ఆయన సంతకం, ఇంకో ముగ్గురివి. ఒక గడి బయటినుంచి మారుతూ ఉంటుంది, ప్రతిసారీ కొత్తగా చూడు అని కంపైలరుకి చెప్పటానికి ఒక మాట ఉంది. ఆ మాటని గడి పేరు ముందు రాయాలి. కత్తి గడి ముందు ఆ మాట ఉంది. దాని కింది లైనులో బటన్ల గడి ముందు లేదు.

ఆయన ఆ రెండు లైన్లూ చాలాసేపు చూశాడు.

"పాత కంపైలరు ఇంత తెలివైంది కాదు" అన్నాడు చివరికి. "చెప్పినా చెప్పకపోయినా ప్రతిసారీ చూసేది. పదేళ్ళు నా తప్పుని అది మోసింది. కొత్తది మొయ్యలేదు."

"టెస్టింగులో దొరకాలి కదా సార్? కంపైలరు మార్చినప్పుడు అన్నీ మళ్ళీ టెస్టు చేశారు."

"టెస్టింగుకి వేరేగా కంపైల్ చేస్తాం. తప్పులు వెతకటానికి వీలుగా, తెలివి వాడొద్దు, రాసింది రాసినట్టు దించు అంటాం. అమ్మే బోర్డుకి మాత్రం వేగం కావాలని తెలివి వాడమంటాం." ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "ఒకదాన్ని పరీక్షించాం. ఇంకోదాన్ని అమ్మాం."

"ఇవాళ నేను పెట్టిన లైను..."

"రాసే పని వేరే ఫైల్లో ఉంది. అక్కడేం జరుగుతుందో కంపైలరుకి కనపడదు. అక్కడికి వెళ్ళొచ్చేలోపు గడి మారి ఉండొచ్చని దానికి అనుమానం. అందుకని వచ్చిన ప్రతిసారీ మళ్ళీ చూసింది. తనిఖీ వాళ్ళొచ్చిన రోజే మేలుకుని ఉండే వాచ్‌మన్ లాగా." నవ్వబోయి మానుకున్నాడు. "నువ్వు చూపించమని పెట్టిన లైనే దాన్ని బాగుచేసింది. నేను వెళ్ళి, ఆ లైను వల్ల ఏమీ మారదని సంతకం పెట్టొచ్చాను."

ఆయన విచారణాధికారి ఆఫీసుకి ఫోను చేశాడు. గుమాస్తా తీశాడు. సారు రిపోర్టు ఇచ్చేశారనీ, కొత్త ఆధారం ఉంటే రాతపూర్వకంగా పంపాలనీ, దాన్ని విచారణకి తీసుకోవటానికి రెండు వారాలు పడుతుందనీ చెప్పాడు. "ఇది ఐదు లైన్ల సంగతండీ, ఫోన్లోనే చదువుతాను" అన్నాడు పెద్దాయన. గుమాస్తా, ఎన్ని లైన్లయినా రాతపూర్వకంగానే అన్నాడు.

మేనేజరుకి చేశాడు. మేనేజరు విన్నాడు. "సార్, పొద్దున సంతకం పెట్టి, మధ్యాహ్నం కాదంటే మన పరువేం కావాలి? రేపు కూర్చుని మాట్లాడదాం. అన్నట్టు ఆ అమ్మాయి మీ గదిలో ఉందా?" అన్నాడు. పెద్దాయన ఫోను పెట్టేశాడు.

తెల్ల కాగితం తీసి రాయటం మొదలుపెట్టాడు. 'నేను ఇవాళ ఇచ్చిన జవాబు తప్పు' అన్నది మొదటి వాక్యం. రెండో వాక్యం దగ్గర ఆగాడు.

"ఎన్ని బోర్డులు సార్? కొత్త కంపైలరుతో?"

"నలభై ఒకటి. జాబితా ఉంది. ఒక్కొక్కరికీ ఫోను చేద్దాం. నీ మామయ్య మిషనొక్కటీ సీలులో ఉంది, అది నయం."

పిచ్చుక కుర్చీలోంచి లేచింది. పొద్దున విచారణాధికారి సంచిలోంచి తీసిన రెండో కాగితం ఆమె కళ్ళ ముందు కదిలింది.

"సీలు తీసేశారు సార్. మీ ముందే సంతకం పెట్టారు."

*

ప్రెస్సు ఫోను పదమూడోసారి మోగాక సూపర్‌వైజరు ఎత్తాడు. పెద్దాయన స్పీకరు నొక్కాడు. వెనక మిషన్ చప్పుడు వినపడుతోంది. క్లాంపు పడ్డప్పుడు మొద్దు చప్పుడు. రెండు సెకన్ల తర్వాత కత్తి దిగిన చప్పుడు.

"నేను పిచ్చుకని. మేస్త్రి మేనకోడల్ని."

"చెప్పమ్మా. పొద్దున జరిగినదానికి నన్నేమీ అనుకోకు. రబ్బరు బ్యాండు దొరికింది, దొరికిందని చెప్పాను."

"కటింగ్ మిషన్ నడుస్తోందా?"

"నడవక? నలభై రోజుల పని పేరుకుపోయింది. ఆర్ట్ పేపరు ఇవాళ సగమైనా కొయ్యాలి."

"ఆపెయ్యండి. ఇప్పుడే."

"ఎందుకాపాలి?"

"ఎడమ బటన్ వదిలినా కత్తి ఆగదు. మా ప్రోగ్రాంలో తప్పుంది. ఇప్పుడే చూశాం."

క్లాంపు చప్పుడు. కత్తి చప్పుడు.

"ఏం మాటలమ్మా ఇవి? మూడుసార్లు నేనే వదిలాను, మూడుసార్లూ ఆగింది. మిషన్ బాగుందని మీ కంపెనీయే రాసిచ్చింది. ఆ కాగితం నా బల్ల మీదే ఉంది."

పెద్దాయన ఫోను దగ్గరికి వంగాడు. "ఆ కాగితం మీద సంతకం నాదేనయ్యా. నేనే చెబుతున్నాను, తప్పు. ఆపించు."

"మీరు చెబితే సరా సార్? మా యజమాని చెప్పాలి. పోనీ మీరే ఆయనకి ఫోను చెయ్యండి." గొంతు తగ్గించాడు. "అయినా అమ్మా, ఆ మిషన్ మీద ఉన్నది పరాయివాళ్ళు కాదు. మీ అత్తయ్యే. సీలు తీశారని తెలిసి పరిగెత్తుకొచ్చింది. ఆయన స్థానం నాకివ్వండి, ఇంట్లో ఒకరైనా పనిలో ఉండాలి అని కాళ్ళావేళ్ళా పడింది. నేనే యజమానితో మాట్లాడి ఇప్పించాను. మీ వాళ్ళకి మంచి చేద్దామనే కదా."

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది.

"ఫోను అత్తయ్యకివ్వండి."

"మిషన్ దగ్గరికి ఫోను తీసుకెళ్ళకూడదు. మీకు తెలీనిదా?"

"అయితే పిలవండి. ఎడమ చెయ్యి వదలొద్దని చెప్పండి. కాగితం జారినా సరే, సర్దొద్దని చెప్పండి. జారితే జారనివ్వమని చెప్పండి. అదొక్కటి చెప్పండి అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను."

ఆమె అన్నయ్యా అనటం అదే మొదలు. అవతల మనిషి నిట్టూర్చాడు.

"సరే, లైన్లో ఉండు. చెప్పొస్తాను. చెప్పకపోతే మీరు వదిలేలా లేరు."

ఫోనుని బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. హాలు చివరి వరకు ఎన్ని అడుగులో పిచ్చుకకి తెలుసు. చిన్నప్పుడు మామయ్యకి క్యారేజీ తీసుకెళ్ళినప్పుడల్లా లెక్కపెట్టేది. ముప్ఫై ఎనిమిది.

క్లాంపు చప్పుడు. కత్తి చప్పుడు.

పెద్దాయన పెన్సిలుతో ఐదు లైన్ల కాగితం మీద కొడుతున్నాడు. మూడు, నాలుగు. మూడు, నాలుగు. కొడుతున్నట్టు ఆయనకి తెలీదు.

ఇరవై రెండు. ఇరవై మూడు.

క్లాంపు చప్పుడు. కత్తి చప్పుడు.

ముప్ఫై. చెప్పుల చప్పుడు ఆగింది. ఇంకా ఎనిమిది అడుగులున్నాయి. అతను అక్కణ్ణించే పిలుస్తున్నాడు.

క్లాంపు పడింది.

సూపర్‌వైజరు కేక ఫోన్లోకి, హాలు దాటుకుని, చిన్నగా వచ్చింది.

"అక్కా! పై కాగితం జారింది, చూసుకో!"